గేటు ముందు సెలవులు

ఆ ఏడాది పడవ అమ్మేయాలని ఇంటిల్లిపాదీ తీర్మానించారు, ఒక్క అవీల్డా తప్ప.

పడవ ఆమె భర్త హెర్మీనియోది. పద్దెనిమిది అడుగుల ఫైబర్ పడవ, లేతనీలం రంగు, వెనక నలభై గుర్రాల మోటారు. పక్కన ఎర్రటి అక్షరాలతో తన తల్లి పేరు రాయించుకున్నాడు, ఎఫిహేనియా అని. ఇరవయ్యారేళ్లుగా ప్రతి జూలై ఆఖరి వారంలో దాన్ని ట్రైలర్ మీదికెక్కించి, పికప్ ట్రక్కుకు తగిలించి, హయూయా కొండల మీది నుంచి నైరుతి తీరంలోని లాస్ ఊవాస్ బీచికి తీసుకుపోయేవాడు. కొండ మీద ఊళ్లో పడవేమిట్రా అని ఊళ్లోవాళ్లు నవ్వేవాళ్లు. "సముద్రం నా దగ్గరికి రాదుగా, నేనే పోవాలి" అనేవాడు హెర్మీనియో.

కిందటి నవంబరులో అతనికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. కుడికాలు కర్ర సాయంతో ఈడుస్తాడు. మాట పోలేదు గాని, ఒక్కో మాటా బావిలోంచి చేదుకున్నట్టు వస్తుంది. అందుకని అన్నీ ఒకటి రెండు మాటల్లో తేల్చేస్తున్నాడు. అసలే కోపిష్టి. ఇప్పుడు ఆ కోపాన్ని వెళ్లగక్కే దారి కూడా ఇరుకైపోయింది.

మే నెలలో అతని తమ్ముడు విల్ఫ్రేదో వచ్చి వంటింట్లో కూర్చున్నాడు.

"వదినా, బేరం కుదిరింది. అరెసీబో నుంచి ఒకాయన శనివారం వచ్చి తోలుకుపోతాడు."

"ఏం బేరం?"

"పడవ బేరం. అన్నయ్య ఇంక దాన్ని లాక్కెళ్లలేడు గదా."

"మీ అన్నయ్య లాక్కెళ్లలేడు. మరి నేను చచ్చానా?"

విల్ఫ్రేదో నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది.

"ఇందులో నవ్వేందుకేముంది?" అంది అవీల్డా, కాఫీ కప్పు అతని ముందు ఠక్కున పెట్టి. "ఇరవై రెండేళ్లుగా ఈ కొండ మలుపుల్లో నలభైమంది పిల్లల్ని వేసుకుని బడి బస్సు నడుపుతున్నాను. నీ కూతుళ్లిద్దర్నీ మోసింది నేనే. అప్పుడు రాని భయం ఓ ఫైబర్ డొప్పకి వచ్చిందా నీకు?"

"అయ్యో వదినా, ముందుకి ఎవరైనా లాగుతారు. రేవులో వెనక్కి తోలాలి. అప్పుడు తెలుస్తుంది."

సరిగ్గా పుండు మీదే వేలు పెట్టాడతను. పడవని నీళ్లలోకి దింపాలంటే ట్రక్కుని వెనక్కి తోలుతూ, వెనకున్న ట్రైలర్‌ని ఏటవాలు సిమెంటు రేవు మీదుగా నీళ్లలోకి దించాలి. ఇన్నేళ్లూ ఆ పని చేసింది హెర్మీనియోనే. ఆమె ఒడ్డున నిలబడి పడవ తాడు పట్టుకునేది, అంతే. బస్సు పొడుగ్గా ఉంటే ఉంటుంది గాని నడుం దగ్గర విరగదు. ట్రైలర్ విరుగుతుంది. స్టీరింగ్ ఎడమకి తిప్పితే కుడికి పోతుంది.

"అచ్చం మీ అమ్మే" అంది ఆమె ఆ సాయంత్రం మొగుడితో. "రమ్మంటే పోతుంది, పొమ్మంటే వస్తుంది."

హెర్మీనియో నవ్వలేదు. "అమ్మెయ్" అన్నాడు.

"అమ్మను."

జూన్‌లో బడికి సెలవులివ్వగానే బస్సులు నిలిపే ఖాళీ జాగాలో డ్రమ్ములు పెట్టుకుని నేర్చుకోవడం మొదలుపెట్టింది. హెర్మీనియోని మడత కుర్చీలో నీడన కూర్చోబెట్టింది. అతను కర్రతో నేల పొడుస్తూ, "కుడి! కుడి!" అని అరిచేవాడు.

"నీ కుడా, నా కుడా?" అని ఆమె కిటికీలోంచి అరిచేది. "నోర్మూసుకుని కాఫీ తాగు!"

మొదటి వారం డ్రమ్ములన్నీ సొట్టలు పోయాయి. రెండో వారం వెనక దీపం ఒకటి పగిలింది. గోడ మీద కూర్చుని చూసే ముసలాళ్లు పందేలు కాశారు. మూడో వారంలో స్టీరింగ్‌ని పైన గాక కింద పట్టుకుంటే చెయ్యి ఎటు జరిపితే ట్రైలర్ అటే పోతుందని తనంతట తనే కనిపెట్టింది. హెర్మీనియోకి ఈ సంగతి ఇరవయ్యారేళ్లుగా తెలుసు. తెలిసీ ఎందుకు చెప్పలేదని నిలదీస్తే, "అడగలేదు" అన్నాడు.

జూలై ఇరవై నాలుగు, గురువారం తెల్లవారగానే కొండ దిగారు. ట్రక్కు వెనక ఎఫిహేనియా, పడవ నిండా సామాన్లు. బ్రేకుల మీద కాలు పెట్టకుండా గేరు మీదే దిగింది అవీల్డా. మలుపు మలుపుకీ హారను కొట్టింది. హెర్మీనియో పక్కద్దం వంక చూస్తూనే ఉన్నాడు గాని ఒక్క తప్పూ పట్టలేకపోయాడు. పోన్సె పట్నం దాటాక నిద్రపోయాడు. అంతకు మించిన మెప్పుకోలు అతని నుంచి ఆమె ఆశించలేదు.

మధ్యాహ్నానికి లాస్ ఊవాస్ చేరారు. రేవుకి పోయే మట్టిరోడ్డు తారు రోడ్డయింది. రోడ్డు పక్క అడవి పోయి తెల్లటి గోడలు లేచాయి, గోడల వెనక నాలుగంతస్తుల మేడలు. రోడ్డుకి అడ్డంగా ఎరుపు తెలుపు చారల గేటు కర్ర పడి ఉంది. పక్కన అద్దాల గదిలోంచి కాపలా మనిషి బయటికొచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. చొక్కా మీద అబ్దియేల్ అని పేరు కుట్టి ఉంది.

"రేవు మూసేశారు దోన్యా. ఇప్పుడది మేడల ఓనర్లకే" అన్నాడు, పెద్ద ఆడవాళ్లని పిలిచే మర్యాద మాటతో.

"ఎప్పట్నుంచి?"

"మార్చి నుంచి."

పక్క సీట్లోంచి హెర్మీనియో ముందుకి వంగాడు. మొహం ఎర్రబడింది. "సిమెంటు" అన్నాడు. "నేను... కలిపాను."

నిజమే. పంతొమ్మిదేళ్ల కిందట ఆ రేవు ఉత్త ఇసుక. బండ్లు కూరుకుపోయేవి. ఊరి బెస్తలూ, సెలవులకొచ్చే పడవలవాళ్లూ కలిసి రెండు ఆదివారాలు బకెట్లతో సిమెంటు మోసి పోసుకున్నారు. ఏ సర్కారూ పైసా ఇవ్వలేదు.

అబ్దియేల్ తల దించుకున్నాడు. "తెలుసు దోన్. మా మామయ్య కూడా మోశాడు. నా చేతుల్లో ఏముంది? నాది ఉద్యోగం."

"నీతో నాకు తగువు లేదు నాయనా" అంది అవీల్డా. "నీ పైన ఎవరున్నారో వాళ్లని పిలు."

పైనున్నది ఇవెలిస్ అనే ఆవిడ. మేడల వ్యవహారాలు చూసేది ఆమే. తెల్ల ప్యాంటు, చేతిలో రెండు ఫోన్లు. చిన్న గోల్ఫ్ బండిలో చప్పుడు లేకుండా వచ్చింది. మర్యాదగానే మాట్లాడింది. నలభై నిమిషాల దూరంలో ఇంకో రేవుంది, అక్కడ యంత్రంతో దింపుతారు, దారి పటం కూడా ఇస్తానంది.

"నాకు దారి తెలుసమ్మా. ఇదే" అంది అవీల్డా. "ఈ గేటు వెయ్యడానికి కాగితం ఉందా?"

"దరఖాస్తు పెట్టాం."

"అంటే లేదు."

"చూడండి, ఇదంతా మీ భద్రత కోసమే..."

"నా భద్రత గురించి మా మరిది కూడా ఇలాగే చెప్పాడు. సొంత మరిది మాటే వినలేదు, నీ మాట వింటానా?"

ఇవెలిస్ మొహంలో చిరునవ్వు చెదరలేదు. "నియమాలు నేను పెట్టలేదు దోన్యా" అని బండి తిప్పుకుని వెళ్లిపోయింది.

హెర్మీనియో సీట్లో వెనక్కి వాలాడు. "ఇంటికి" అన్నాడు.

"ఇంటికెళ్లి మీ తమ్ముడికి ఏం చెప్తావ్?"

అవీల్డా ట్రక్కుని కాస్త వెనక్కి తీసి, రోడ్డుకి అడ్డం లేకుండా పక్కనున్న గడ్డిలోకి ఎక్కించి, ముక్కు గేటుకేసి పెట్టి ఇంజను ఆపేసింది. దిగి నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ చూసింది.

"సెలవులకొచ్చాం" అంది. "సెలవులు మొదలు."

పడవ మీద గుడ్డ పందిరి ఎత్తింది. ట్రైలర్ పక్క నీడలో మడత బల్ల, కుర్చీలు వేసింది. ఇంట్లో వండి తెచ్చిన పచ్చికందుల అన్నం, కాల్చిన పంది మాంసం పళ్లేల్లో పెట్టింది. తిన్నాక ట్రక్కులోకెళ్లి బట్టలు మార్చుకుని, ఎర్రపూల ఈత దుస్తులతో, నెత్తిన గడ్డి టోపీతో దిగింది. యాభై తొమ్మిదేళ్ల మనిషి, నిండైన శరీరం. చిన్న నిచ్చెన వేసుకుని పడవెక్కి, అంచు మీద కాళ్లు చాపుకుని, సముద్రంలో ఉన్నట్టే కూర్చుంది. గేటు దాటే ప్రతి కారూ ఆగి చూసింది. ఆమె ప్రతి కారుకీ చెయ్యూపింది.

అబ్దియేల్ మెల్లగా దగ్గరికొచ్చాడు. "దోన్యా, మిమ్మల్ని ఇక్కడ ఇలా కూర్చోవద్దని చెప్పమంటున్నారు."

"రోడ్డు కూడా ఓనర్లదేనా?"

"కాదు. ఇది జనానిది."

"నేనూ జనాన్నే. కాస్త అన్నం తింటావా?"

అతను అటూ ఇటూ చూసి పళ్లెం పుచ్చుకుని అద్దాల గదిలోకి పోయాడు.

ఆ సాయంత్రం లారెస్ నుంచి మోంచో అనే లావుపాటి మనిషి పెళ్లాం, వదిన, అత్తగారితో సహా ఒక రేకు పడవని లాక్కుంటూ వచ్చాడు. గేటు దగ్గర ఐదు నిమిషాలు కేకలేశాడు. వెనక్కి తిరిగి పోబోతూ, ట్రైలర్ మీది పడవలో టోపీతో కూర్చున్న మనిషిని చూసి ఆగిపోయాడు.

"ఏం దోన్యా, చేపలు పడుతున్నాయా?"

"ఇప్పటిదాకా ఒక కాపలావాడు, ఒక మేనేజరు. పెద్ద చేప ఇంకా పడలేదు."

మోంచో పొట్ట పట్టుకుని నవ్వాడు. ట్రక్కు తిప్పి ఆమె వెనకే ఆపాడు.

శుక్రవారం పండగ సెలవు. పొద్దున పదింటికల్లా గడ్డిలో తొమ్మిది పడవలు బారులు తీరాయి. ఎవరో బల్ల వేసి డొమినోలు పరిచారు. ఎవరో పాటలు పెట్టారు. ఎండు చేప కలిపిన పిండితో పెద్ద పెద్ద వడలు వేసే ఒకావిడ ఈ జనాన్ని ఎక్కణ్నుంచి పసిగట్టిందో, పొయ్యి బండితో సహా వాలింది. మోంచో అత్తగారు తన అల్లుడి కన్నా సముద్రం నయమనీ, అది కనీసం ఆటుకైనా వెనక్కి తగ్గుతుందనీ అందరికీ చెప్పింది. నీళ్లు రెండు వందల గజాల దూరంలో ఉన్నాయి. వాసన వస్తోంది, చప్పుడు వినిపిస్తోంది. మనుషులు నడిచిపోతే ఎవరూ ఆపడం లేదు. ఈత కొట్టి తడిబట్టలతో వచ్చి మళ్లీ వరసలో కూర్చుంటున్నారు. ఆపింది పడవల్నే.

హెర్మీనియో మాత్రం కుర్చీలోంచి లేవలేదు. ఆ రెండు వందల గజాలు ఇసుకలో కర్రతో నడవలేడు. పడవ నీళ్లలో ఉంటే ఎక్కించి, తీరానికి ఎదురుగా ఉన్న చిన్న దీవి పక్కన లోతు లేని చోటికి తీసుకుపోయి దింపాలని అవీల్డా అనుకుంది. నీళ్లలో బరువు తెలియదని డాక్టరు చెప్పాడు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే జాలి పడతారు. అతనికి జాలి గిట్టదు, ఆమెకీ గిట్టదు.

మధ్యాహ్నం ఇవెలిస్ పిలవగా పోలీసు కారొచ్చింది. అందులోంచి దిగిన ఆఫీసరు వరసంతా నడిచి చూశాడు. ఒక్క చక్రం కూడా తారు మీద లేదు.

"వీళ్లు రోడ్డుకి అడ్డం లేరు" అన్నాడు.

"వాతావరణం పాడుచేస్తున్నారు" అంది ఇవెలిస్.

"మరి మీ గేటుకి కాగితం?" అని అడిగింది అవీల్డా నిలబడి, పోలీసుకి వినపడేట్టు.

ఆఫీసరు ఇవెలిస్ వైపు చూశాడు. ఆమె దరఖాస్తు సంగతి చెప్పింది. అతను బుర్ర గోక్కున్నాడు. "అది తీరం వ్యవహారాలు చూసే ఆఫీసు పని. సోమవారం దాకా తెరవరు." రెండు వడలు కాగితంలో చుట్టించుకుని కారెక్కాడు. ఎవరికీ మేలూ చెయ్యలేదు, కీడూ చెయ్యలేదు.

"సోమవారం" అన్నాడు మోంచో దిగాలుగా. "మా సెలవులు ఆదివారంతో సరి."

"ఈ దేశంలో తీరం అందరిదీ అని చట్టం ఉంది" అంది అవీల్డా. "ఉంటే ఏం లాభం, అది కూడా ఆదివారం సెలవు తీసుకుంటోంది." ఆమె గేటు వంకే చూస్తూ ఉంది. రోజంతా చూసింది. కారు వస్తే గేటు లేస్తుంది. కారు దాటగానే పడుతుంది. పడేటప్పుడు కింద ఏదైనా ఉంటే? అబ్దియేల్ బొత్తాం నొక్కితేనే గదా పడేది?

శనివారం పొద్దున ఏడున్నరకి, అందరూ కాఫీ ఫలహారాల్లో ఉండగా, మేడల చెత్త ఎత్తే లారీ వచ్చి గేటు ముందు ఆగింది. అవీల్డా అప్పటికే స్టీరింగ్ ముందు కూర్చుని ఉంది. ఇంజను మెల్లగా తిరుగుతోంది. కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి వెనక ఉన్న మోంచోకి రెండు వేళ్లు చూపించింది: అతుక్కుని రా.

గేటు లేచింది. లారీ కదిలింది. లారీ తోక పట్టుకుని అవీల్డా కదిలింది, మధ్యలో మనిషి దూరేంత సందు కూడా ఇవ్వకుండా. ఆమె తోక పట్టుకుని మోంచో. అతని తోక పట్టుకుని మిగతావాళ్లు, తింటున్న పళ్లేలు ఒళ్లో పెట్టుకుని, చెప్పుల్లేకుండా.

ఇవెలిస్ గోల్ఫ్ బండిలో దూసుకొచ్చింది. "దించెయ్! అబ్దియేల్, గేటు దించెయ్!"

అబ్దియేల్ అద్దాల గదిలో నిలబడి ఉన్నాడు. చెయ్యి బొత్తాం మీదే ఉంది. అవీల్డా ట్రక్కు దాటుతూ అతని వంక చూసింది. అతనూ చూశాడు. తర్వాత అతని చూపు ఆమె మీంచి పక్క సీటు మీదికి పోయింది. అక్కడ హెర్మీనియో చచ్చుబడిన చేతిని ఒళ్లో పెట్టుకుని, తల ఎత్తి కూర్చుని ఉన్నాడు.

"బొత్తాం పనిచెయ్యట్లేదు మేడం" అన్నాడు అబ్దియేల్.

"నిన్న పనిచేసింది!"

"నిన్న పనిచేసింది. ఇవాళ పనిచెయ్యట్లేదు."

చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు. తొమ్మిది పడవలూ దాటిపోయాయి.

రేవు దగ్గర అసలు పని. అవీల్డా ట్రక్కుని పెద్దగా తిప్పి వీపు నీళ్లకేసి పెట్టింది. అప్పటికి ఇవెలిస్ రేవు మధ్యలో నిలబడి ఫోన్లో వీడియో తీస్తోంది. మేడల బాల్కనీల్లో ఓనర్లు కాఫీ కప్పులతో నిలబడ్డారు. వెనక ఎనిమిది ట్రక్కులవాళ్లు దిగి ఎవరి సలహా వాళ్లు అరుస్తున్నారు.

"దోన్యా, నేను తోలతా, దిగండి!" అన్నాడొకడు.

"నువ్వు నీదాని సంగతి చూసుకో!"

మొదటిసారి ట్రైలర్ అడ్డం తిరిగింది. ముందుకి లాగి సరిచేసుకుంది. రెండోసారి ఇంకా ఘోరంగా తిరిగి రాళ్ల మీదికెక్కబోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. చెమట కళ్లలోకి కారుతోంది. ఆమెకి కోపం వచ్చింది. కోపంగా ఉన్నప్పుడు స్టీరింగ్ పైభాగం పట్టుకుంటున్నానని గమనించింది. చేతిని కిందికి దించింది. ఊపిరి పీల్చి అద్దంలో నీళ్లని చూసింది, జనాన్ని వదిలేసి. "పదత్తా" అని పళ్ల బిగువున అంది. "నీ కొడుకు కోసమైనా పద."

ఎఫిహేనియా గీత గీసినట్టు రేవు మీదికి దిగడం మొదలుపెట్టింది.

ఇవెలిస్ కదల్లేదు. ట్రైలర్ ఆమెకి పది అడుగుల దూరంలో ఉండగా అవీల్డా ఆపి తల బయట పెట్టింది.

"నా పేరు అవీల్డా సాంతాయా. ఊరు హయూయా. కొలోరాడో వాడలో పచ్చ ఇల్లు. రాసుకో, ఫోన్లో తీసుకో, ఎవరికి చూపించాలో చూపించు. నేనెక్కడికీ పారిపోను. ఇప్పుడు జరుగమ్మా, నీ తెల్ల ప్యాంటు తడుస్తుంది."

వెనక అల ఒకటి వచ్చి ఇవెలిస్ మడమల్ని తడిపింది. ఆమె పక్కకి జరిగింది. జరిగేటప్పుడు ఫోను దించేసింది. మోంచో అత్తగారు ఆమెకి చెయ్యందించింది, నాచు మీద జారకుండా.

ట్రైలర్ చక్రాలు నీళ్లని తాకాయి. సరిగ్గా అప్పుడు హెర్మీనియో అరవడం మొదలుపెట్టాడు.

"బి...! బి...!"

"ఏంటి? ఇప్పుడేంటి? కుడా, ఎడమా?"

అతను ఎడమచేత్తో డాష్‌బోర్డు మీద దబదబా కొట్టాడు. మెడ నరాలు ఉబ్బాయి. "బిరడా!"

పడవ వెనక అడుగున నీళ్లు కారిపోవడానికి బొటనవేలంత చిల్లు ఉంటుంది. ఒడ్డున ఉన్నప్పుడు బిరడా తీసి ఉంచుతారు, దింపేముందు బిగిస్తారు. మరిచిపోతే అందరి కళ్లముందే పడవ మెల్లగా నీళ్లు తాగి మునుగుతుంది. ఆమె మరిచిపోయింది. జూన్ నెలంతా వెనక్కి తోలడం ఒక్కటే నేర్చుకుంది.

బ్రేకు బిగించి దూకి, మోకాలు లోతు నీళ్లలో పరిగెత్తి, పడవలోని సామాన్ల అరలోంచి బిరడా తీసి బిగించింది. తిరిగి చూస్తే హెర్మీనియో కిటికీలోంచి మెడ చాచి చూస్తున్నాడు, మొహమంతా చెమట.

"బిగించా!" అని అరిచింది.

"ఇంకో... చుట్టు."

ఇంకో చుట్టు తిప్పింది.

పడవ తేలింది. మోంచో తాడు పట్టుకున్నాడు. ఇద్దరు మనుషులు హెర్మీనియోని ఎత్తబోతే కర్రతో వాళ్ల చేతులు పక్కకి నెట్టి, అవీల్డా భుజం మీద ఎడమచెయ్యి వేసి, తనే నీళ్లలోకి నడిచాడు. నీళ్లు తొడల దాకా వచ్చేసరికి అతనికి కుడికాలు ఈడ్చాల్సిన పని లేకపోయింది. పడవ అంచు పట్టుకుని అక్కడే కాసేపు నిలబడ్డాడు.

దీవి పక్కన, నడుం లోతు పచ్చటి నీళ్లలో, ఆ రోజు సాయంత్రం దాకా అతను వెల్లకిలా తేలాడు. పడవని నడిపింది ఆమే. లంగరు వేసింది ఆమే, అదీ రెండుసార్లు, మొదటిది పట్టలేదు. వాళ్ల చుట్టూ మిగతా ఎనిమిది పడవలూ చేరాయి. డొమినో బల్ల నీళ్లలోకే వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం అబ్దియేల్ వచ్చాడు, యూనిఫాం లేకుండా, ఒడ్డున నడుచుకుంటూ. అవీల్డా పడవలోంచి దిగి ఎదురెళ్లింది.

"ఉద్యోగం?"

"పోయింది దోన్యా. నిన్న సాయంత్రమే."

మూడు రోజులుగా ఎవరికీ తగ్గని మనిషి ఆ ఒక్క మాటకి తగ్గింది. "నా వల్లే" అంది.

"మీ వల్ల కాదు. బొత్తాం మీద చెయ్యి నాది." అతను నీళ్ల వంక చూశాడు. "మా మామయ్య మార్చి నుంచి నాతో మాట్లాడటం లేదు. నిన్న రాత్రి భోజనానికి పిలిచాడు."

"రేపు ఆఫీసు తెరుస్తారుగా. ఫిర్యాదు పెడదాం. కాగితం లేకుండానే గేటు వేశారని నీకు తెలుసు. సాక్ష్యం చెప్తావా?"

"చెప్తా. ఇంక పోవడానికి ఏముంది?"

సోమవారం ఇళ్లకి వెళ్లాల్సినవాళ్లలో ఆరు కుటుంబాలు వెళ్లలేదు. అందరూ కలిసి తీరం వ్యవహారాలు చూసే ఆఫీసుకి పోయారు. ఆ ఫిర్యాదు నలిగి నలిగి, విచారణలు జరిగి, చివరికి డిసెంబరులో గేటు పీకించింది. అబ్దియేల్ ఇప్పుడు మామయ్యతో పడవ మీద వేటకి పోతున్నాడు. కాని ఆ సోమవారం పొద్దున ఇవేవీ వాళ్లకి తెలియవు. వాళ్ల ముందున్నది ఒక కిటికీ, కిటికీ వెనక విసుగ్గా ఉన్న గుమాస్తా, అతని చేతిలో ఒక కాగితం.

అవీల్డా సంతకం పెట్టింది. అబ్దియేల్ పెట్టాడు. మోంచో పెట్టాడు. మోంచో అత్తగారు అడక్కుండానే పెట్టింది. హెర్మీనియో కర్ర ఈడ్చుకుంటూ కిటికీ దగ్గరికి చేరాడు.

గుమాస్తా అతని చేతిని చూశాడు. "మీరు అక్కర్లేదు సార్. మీ ఆవిడ పెట్టారుగా, చాలు."

"ఆగు" అన్నాడు హెర్మీనియో.

కర్రని అవీల్డా చేతికిచ్చి, ఎడమచేత్తో పెన్ను తీసుకున్నాడు. పక్షవాతం వచ్చాక అతను పెన్ను పట్టడం అదే మొదలు. మొదటి అక్షరం గీత దాటి పక్క గడిలోకి పోయింది. రెండోది తలకిందులైనంత పనైంది. వెనక వరస పెరుగుతోంది. ఎవరో దగ్గారు. గుమాస్తా గడియారం చూసుకున్నాడు.

"వేలిముద్ర వేసినా సరిపోతుంది సార్."

"ఆగు" అన్నాడు మళ్లీ, తలెత్తకుండా.

అవీల్డా సాయం పట్టలేదు. కర్ర చేతబట్టుకుని వరసకేసి తిరిగి, ఎవడైనా ఇంకో మాట అంటే చూద్దామన్నట్టు నిలబడింది. వెనక పెన్ను కాగితం మీద గీరుకుంటూ పోతోంది. హెర్మీనియో ముందు తన పేరు రాశాడు, తర్వాత, అక్కడి ఆనవాయితీ ప్రకారం, తండ్రి ఇంటిపేరు, ఆ తర్వాత తల్లి ఇంటిపేరు, ఒక్క అక్షరం కూడా మింగకుండా.